పక్క మంచం మనిషి

మా చెల్లెలి కోడలు నర్సింగు చదివి, ఈమధ్యనే ఏలూరులో ఒక డయాలసిస్ సెంటర్లో చేరింది. మొన్న ఆదివారం తాడేపల్లిగూడెంలో మా ఇంటికొచ్చి, "సూదులు పెట్టడం వచ్చేసిందండీ పెద్దత్తయ్యగారూ. ఆ మనుషులతోనే ఎలా ఉండాలో తెలియట్లేదు" అంది. నేను ఆ పనిలోనే తల నెరిసినదాన్ని. అయినా ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కాఫీ ఇచ్చి, ధైర్యం చెప్పి పంపేశాను. తను వెళ్ళాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. అందుకని రాస్తున్నాను. తనకోసమే కాదు, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరికోసం.

మిషను నడపడం మీకు పుస్తకాలే నేర్పుతాయి. నేను చెప్పేది మంచాల గురించి. ఒక మంచం మీద పడుకున్న మనిషికి పక్క మంచం మీద మనిషి ఏమవుతాడు అన్న సంగతి.

ఉదయం షిఫ్టు

నేను గూడెం నుంచి పాసింజరు బండిలో ఏలూరు వెళ్ళేదాన్ని. స్టేషను నుంచి ఆసుపత్రికి నడక. నేను చేరేసరికే వరండాలో బెంచీల మీద ఉదయం షిఫ్టు వాళ్ళు కూర్చుని ఉండేవారు. పెదపాడు, పెదవేగి, కొల్లేటి లంకల నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చినవాళ్ళు. సంచుల్లో దుప్పట్లు, ఇడ్లీ డబ్బాలు. తలుపు తీయగానే బరువు చూసే మిషను దగ్గర వరస కట్టేవారు. కిడ్నీలు పనిచేయని మనిషి తాగిన నీళ్ళు ఎక్కడికీ పోవు, ఒంట్లోనే ఉంటాయి. అందుకని ఆ మిషను మీద ముల్లు చూస్తే ఎవరు దాహం ఆపుకున్నారో, ఎవరు ఆపుకోలేదో తెలిసిపోయేది. ఒకరి ముల్లు ఎక్కువ తిరిగితే వెనకవాళ్ళు నవ్వేవారు. "చెరువు తాగేసేరా ఏంటండీ" అనేవారు. ఇంట్లోవాళ్ళు ఆ మాటంటే గొడవయ్యేది. అక్కడ మాత్రం అన్నవాళ్ళూ అనిపించుకున్నవాళ్ళూ కలిసే నవ్వేవారు.

వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. సంవత్సరాల తరబడి అవే మంచాలు, అవే మనుషులు. సొంత అన్నదమ్ములు కూడా అంతసేపు ఒకచోట కూర్చోరు. ఇప్పుడు పొద్దున్నే మెలకువ వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ హాలే. మిషన్ల చప్పుడు, ఎవరో ఒకరి ఫోన్లో సన్నగా వినిపించే సుప్రభాతం, "సిస్టరు గారండీ, కాలు పట్టేస్తందండీ" అన్న పిలుపు. ఆ పిలుపుకి ఇప్పటికీ లేచి కూర్చుంటాను.

మా డాక్టరు గారి నియమం

మా యూనిట్‌ను చూసే డాక్టరు గారు పనిమంతుడు. చిన్న వయసు, మాట తక్కువ, పేషెంటు పట్ల శ్రద్ధ ఎక్కువ. ఆయన మీద నాకు గౌరవం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఆయన పెట్టిన నియమం ఒకటి తప్పని నేను అనుకుంటాను. తర్వాత ఆయనా అలాగే అనుకున్నారు.

పేషెంట్లు ఒకరితో ఒకరు ఎక్కువ కలవకూడదని ఆయన ఉద్దేశం. మంచానికీ మంచానికీ మధ్య పచ్చ కర్టెన్లు కట్టించారు. ఎవరైనా చనిపోతే మిగతావాళ్ళకి చెప్పొద్దన్నారు. అడిగితే విజయవాడ పెద్దాసుపత్రికి మార్చారని చెప్పమన్నారు. దానికి ఆయన కారణం ఆయనకుంది. ఒకరు పోయారని తెలిస్తే రెండోవాళ్ళు బెంగపడతారు, ఇంతేనా మన బతుకు అనుకుని రావడం మానేస్తారు, మానేస్తే బతకరు. వినడానికి సబబుగానే ఉంటుంది. మేమందరం అలాగే చెప్పేవాళ్ళం.

ఇంకో మాట కూడా ఆయన తరఫున చెప్పాలి. పేషెంట్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవన్నీ మంచివే అనుకోకండి. ఎక్కడో చెట్టుమందు ఇస్తున్నారంటే నలుగురు కలిసి వెళ్ళిపోయేవారు. అది తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళని నేను చూశాను. అలాంటివి జరిగినప్పుడు డాక్టరు గారి కోపంలో న్యాయం ఉండేది.

పెదపాడు రైతు, కొల్లేటి మనిషి

కర్టెన్ల సంగతి వెంకటరత్నం గారు తేల్చేశారు. పెదపాడు దగ్గర వరి రైతు, అరవై దాటిన మనిషి, మా హాల్లో అందరికంటే పాతకాపు. ఆయన మంచం కిటికీ పక్కన. కర్టెను కట్టిన రోజునే దాన్ని మెలితిప్పి ముడేసి, "ఏవండీ, గాలాడట్లేదండి" అన్నారు. గాలికి కాదని నాకు తెలుసు. ఆయనకు మాట్లాడకపోతే తోచదు. చెట్టుమందు తాగి చావుదాకా వెళ్ళొచ్చింది కూడా ఆయనే. ఆ కథ కొత్తవాళ్ళందరికీ తనే చెప్పేవారు, తన తెలివితక్కువతనానికి తనే నవ్వుతూ. నేను ఎంత హెచ్చరించినా వినని మనుషులు ఆ కథ వినగానే భయపడేవారు.

ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు ఆ నాలుగు గంటలూ వరండా బెంచీ మీద కూర్చునేవారు. ఎవరింటి ఆడవాళ్ళు కొత్తగా వచ్చినా వాళ్ళ పక్కన జరిగి కూర్చోవడం ఆవిడ అలవాటు.

ఒక వేసవిలో ఏడుకొండలు వచ్చాడు. కొల్లేటి లంక ఊరివాడు, చేపల చెరువు మీద కాపలా, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. చిన్నపిల్లలిద్దరు. బీపీ ఉందని తెలియక, తెలిసేసరికి కిడ్నీలు రెండూ పోయాయి. అతనిది వెంకటరత్నం గారి ఎదురు మంచం. అతని పక్క మంచం మీద గూడెం మాస్టారు ఉండేవారు. రిటైరైన లెక్కల మాస్టారు. మొదటిరోజు ఏడుకొండలు చలికి వణుకుతుంటే తన దుప్పటి తీసి అతని కాళ్ళ మీద కప్పించారు. రక్తం మిషనులోంచి తిరిగి వచ్చేటప్పుడు కొందరికి చలి పుడుతుంది, అది మాస్టారికి అనుభవం.

ఏడుకొండలు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను పలకరిస్తే "ఆయ్" అనేవాడు, అంతే. అతని భార్య నాగమణి వరండాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

అతని నోరు విప్పించింది నేనూ కాదు, డాక్టరు గారూ కాదు. ఒకరోజు వెంకటరత్నం గారు వానాకాలం ముంపు గురించి ఎవరితోనో చెబుతున్నారు. చేలల్లో నీళ్ళు దిగట్లేదని, కొల్లేట్లో చెరువుల గట్లు అడ్డం వేసి డ్రైన్లన్నీ పొంగిస్తున్నారని, ఆ చెరువుల వాళ్ళకి వరి రైతు మునిగినా పట్టదని. గోడవైపు ఉన్న మనిషి ఇటు తిరిగాడు.

"మీరొదిలే నీళ్ళు తవరెప్పుడన్నా చూసేరాండి? మందులు కొట్టిన నీళ్ళండి అవి. మా చేపలు తేలిపోతన్నాయండి" అన్నాడు.

వెంకటరత్నం గారి మొహం వెలిగిపోయింది. దెబ్బలాడటానికి మనిషి దొరికాడు. ఆ రోజునుంచి సోమవారం, బుధవారం, శుక్రవారం వాళ్ళిద్దరికీ అదే గొడవ. ఆయన ఇతన్ని "ఏవయ్యా కొల్లేరూ" అనేవారు. ఇతను ఆయన్ని "రైతుగారండీ" అనేవాడు. మధ్యలో మాస్టారు తీర్పరి. ఆ గొడవలోనే దాహం వేస్తే చిన్న ఐసుముక్క చప్పరించాలని, ఎండుచేప జోలికి పోకూడదని, ఉప్పు తగ్గితే దాహం దానంతటదే తగ్గుతుందని, ఇలా చాలా సంగతులు ఏడుకొండలికి అందాయి. అవన్నీ నేను మొదటివారమే చెప్పాను. నా నోటినుంచి వచ్చినప్పుడు అవి నిషేధాలు. వెంకటరత్నం గారి నోటినుంచి వచ్చినప్పుడు అవి బతికున్న మనిషి చేస్తున్న పనులు. ఈ తేడా అర్థం చేసుకుంటే మీకు సగం పని వచ్చినట్టే.

మంచం ఖాళీ అయిన రోజు

ఒక ఆదివారం గూడెంలో మాస్టారు ఇంట్లోనే పోయారు. సోమవారం మేం నియమం ప్రకారం దుప్పటి మార్చి, ఆ మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టాం. ఏడుకొండలు అడిగితే టెక్నీషియను విజయవాడ మార్చారని చెప్పాడు. ఏడుకొండలు ఇంకేమీ అడగలేదు. ఆ రోజు వెంకటరత్నం గారు కూడా గొడవ పెట్టుకోలేదు.

బుధవారం ఏడుకొండలు రాలేదు. ఫోను చేస్తే కట్టేసి ఉంది. శుక్రవారమూ రాలేదు. డయాలసిస్ మీద ఉన్న మనిషి రెండుసార్లు మానేయడమంటే ఏమిటో మీకు తెలుసు. ఒంట్లో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, గుండె ఎప్పుడైనా ఆగుతుంది. శుక్రవారం మిషను మీంచి దిగుతూ వెంకటరత్నం గారు నన్ను పిలిచి, ఆదివారం తనూ భార్యా ఆ ఊరు వెళ్తున్నామని, నేను కూడా వస్తే బాగుంటుందని అన్నారు. డాక్టరు గారికి చెప్పాను. ఆయన, పేషెంట్ల ఇళ్ళకు పేషెంట్లు వెళ్ళడం తనకిష్టం లేదన్నారు. తర్వాత తన సొంత ఫోను నంబరు నాకిచ్చి, అవసరమైతే చేయమన్నారు.

కొల్లేట్లో

ఏలూరు నుంచి ఆటోలో కొల్లేటి గట్టుదాకా వెళ్ళాం. అక్కడినుంచి ఇంజను పడవ. రెండు పక్కలా కిక్కిస దుబ్బులు, గుర్రపుడెక్క, నీళ్ళ మీద కొంగలు. వెంకటరత్నం గారు అరవై ఏళ్ళుగా కొల్లేటిని తిట్టారు గానీ పడవెక్కి లోపలికి రావడం అదే మొదటిసారట. దారిలో ఒకచోట పెద్ద డ్రైను వచ్చి కలుస్తోంది. పడవతను, అది పెదపాడు వైపునుంచి వచ్చే నీరేనని చెప్పాడు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. వాసన కూడా ఉంది. వెంకటరత్నం గారు ఆ నీళ్ళకేసి చాలాసేపు చూశారు.

ఏడుకొండలు ఇంటి అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా అలాగే కూర్చున్నాడట. మొహం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు. నాగమణి నన్ను చూడగానే ఏడ్చింది. తను చెప్పి చెప్పి అలిసిపోయానని, ఊళ్ళో పెద్దలు చెప్పినా వినలేదని అంది.

చావంటే భయం వేసి మానేశాడేమోనని నేను అనుకున్నాను. డాక్టరు గారు అనుకున్నదీ అదే. అతను చెప్పింది వేరు. ఊపిరి తీసుకుంటూ, ఆగి ఆగి చెప్పాడు.

"గూడెం మేస్టారు ఇజయవాడ ఎల్లలేదని నాకు తెలుసండి. ఆయన పోయేరండి. ఆయన పోయినందుకు కాదండి నేను రానిది. దుప్పటి మార్చేసి ఇంకో మనిషిని పడుకోబెట్టేసేరండి. ఒక్కరూ ఆయన పేరెత్తలేదండి. రేపు నేనైనా అంతేగదండి. అంతోటిదానికి ఇంటికాడే పోతే, నా పిల్లలు పేరు పెట్టి ఏడుస్తారనుకున్నానండి."

నేను అతని చెయ్యి అందుకుని నాడి చూశాను.

వెంకటరత్నం గారు అరుగు మీద అతని పక్కన కూర్చున్నారు. మాస్టారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన పేరు సత్యనారాయణమూర్తి అని, సూది గుచ్చేటప్పుడు భయం తెలియకుండా పంతొమ్మిదో ఎక్కం చదువుకునేవారని, ఇంటినుంచి వచ్చిన ఉప్మా అంటే అసహ్యమని, దాన్ని ఆడవాళ్ళకి తెలియకుండా వెంకటరత్నం గారి డబ్బాలోకి మార్చేసేవారని, ఈయనకి మాత్రం అది చాలా ఇష్టమని. కండువాతో మొహం తుడుచుకుని, అతనికేసి తిరిగారు.

"మేస్టారి గురించి నాకింత తెలుసు, అందుకే చెప్పగలిగేను. రేపు నువ్వు పోయేవనుకో. నీ గురించి చెప్పడానికి నాకేం తెలుసయ్యా? కొల్లేరోడని, నోరెక్కువని తప్ప. వచ్చి ఇంకొన్నాళ్ళు నాతో దెబ్బలాడితే గదా తెలిసేది."

ఏడుకొండలు ముందు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. తర్వాత ఏడ్చాడు.

ఈలోగా సుబ్బలక్ష్మి గారు నాగమణిని లోపలికి తీసుకెళ్ళారు. వంటింట్లో వాళ్ళు మాట్లాడుకున్నవి నాకు కొన్ని వినపడ్డాయి. కూరముక్కలు ఉడికించి, ఒంటికి పడని ఉప్పులు పోయేలా ఆ నీళ్ళు పారబోయాలని, మిషను మీంచి దిగిన రోజు మగవాళ్ళు విసుక్కుంటారని, ఆ విసుగు మన మీద కాదని. నాగమణి ఎవరినీ అడగలేని ప్రశ్న ఆవిడని అడిగింది.

"నిద్దట్లో ఏమన్నా అయిపోద్దేమోనని నేను పడుకోవట్లేదండి. మీరెలా పడుకుంటన్నారండీ?"

"మొదట్లో నేనూ పడుకోలేదమ్మా. తర్వాత ఆయన చెయ్యి మీద చెయ్యేసి పడుకోడం అలవాటు చేసుకున్నాను. సూదులు పెట్టే చోట నరం జుమ్మంటా ఉంటది గదా, అది చేతికి తెలుస్తా ఉంటే నిద్రపట్టేస్తది" అన్నారు సుబ్బలక్ష్మి గారు.

మేం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి చేయించే ఫిస్టులాలో ఆ జుమ్మనే అదురు ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మేం వేలు పెట్టి చూస్తాం. దాని మీద చెయ్యేసి ఒక మనిషి ఇన్నేళ్ళు నిద్రపోయిందని నాకు ఆ రోజే తెలిసింది.

ఏడుకొండలిని సోమవారం దాకా ఆపితే దక్కడని నాకు అనిపించింది. డాక్టరు గారికి ఫోను చేశాను. ఆదివారం యూనిట్ మూసి ఉంటుంది. తీసుకురమ్మన్నారు. మేం పడవలో, ఆటోలో అతన్ని కూర్చోబెట్టి తెచ్చేసరికి ఆయనే వచ్చి తలుపు తీయించి, మిషను సిద్ధం చేయిస్తున్నారు. దారంతా ఏడుకొండలు వెంకటరత్నం గారి భుజం మీద తల వాల్చి ఊపిరి లాగుతూనే ఉన్నాడు. మిషను మీద పెట్టిన కొంతసేపటికి ఊపిరి కుదుటపడింది. మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

బయట వరండాలో డాక్టరు గారికి అతను చెప్పిన కారణం చెప్పాను. ఆయన వాదించలేదు. "అలా ఆలోచించలేదండి సిస్టరు గారూ" అన్నారు. మర్నాడు ఉదయం షిఫ్టు మొదలయ్యే ముందు హాలు మధ్యలో నిలబడి, మాస్టారు పోయారని, ముందే చెప్పాల్సిందని అందరికీ చెప్పారు. ఆ వారంలోనే పచ్చ కర్టెన్లు తీసేయించారు. సూది పెట్టేటప్పుడు, బట్టలు సర్దుకునేటప్పుడు అడ్డం పెట్టుకోవడానికి తోపుడు తెర ఒకటి ఉంచారు. పై అధికారి తన నియమాన్ని తనే మార్చుకోవడం నేను ఉద్యోగంలో చాలా తక్కువసార్లు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

వెంకటరత్నం గారు

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కొన్నేళ్ళు దెబ్బలాడుకున్నారు. పిలుపు మాత్రం మారింది, "రైతుగారండీ" పోయి "బాబాయిగారండీ" వచ్చింది. పెదపాడులో ఆయన తన చేలో మందు కొట్టాక నీళ్ళు వెంటనే డ్రైనులోకి వదలడం మానేశారని సుబ్బలక్ష్మి గారు చెప్పారు. ఆయన మాత్రం ఆ సంగతి హాల్లో ఒప్పుకోలేదు. ఏడుకొండలు కాపలా పని మానేసి, కూర్చుని చేసుకునే చేపల మేత కొట్టు పని చూసుకున్నాడు. నాగమణి బెంచీ మీద కొత్తవాళ్ళ పక్కన జరిగి కూర్చోవడం నేర్చుకుంది.

నా రిటైర్మెంటుకి ముందు వానాకాలంలో వెంకటరత్నం గారు ఇంట్లో నిద్రలోనే పోయారు. కబురు వచ్చిన ఉదయం డాక్టరు గారే వచ్చి హాల్లో చెప్పారు. కొందరు ఏడ్చారు. ఏడుకొండలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతన్ని చూసి నాకు పాత భయం పట్టుకుంది. ఆ షిఫ్టు అయ్యేదాకా డాక్టరు గారు రెండుమూడుసార్లు వచ్చి వెళ్ళారు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. మళ్ళీ రావలసిన రోజున ఎంతమంది వస్తారోనని.

అందరూ వచ్చారు. నేను బండి దిగి వెళ్ళేసరికి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఏడుకొండలు అందరికంటే ముందు వచ్చాడు. దినవారాలు అయ్యాక ఒక సోమవారం సుబ్బలక్ష్మి గారు కూడా వచ్చారు. సోమవారం పొద్దున్నే లేచి తయారైపోయానని, తీరా ఎక్కడికి వెళ్ళాలో తోచలేదని అన్నారు. నాగమణి జరిగి చోటిచ్చింది.

అదే రోజు కిటికీ పక్క మంచం మీదికి కొత్త మనిషి వచ్చాడు. పెదవేగిలో పామాయిల్ తోటల్లో ట్రాక్టరు నడిపేవాడు. భయంతో బిగుసుకుపోయి ఉన్నాడు. సూదులు పెట్టి, చెయ్యి కదపొద్దని చెబుతుంటే చుట్టూ చూసి, తనకి ముందు ఈ మంచం మీద ఎవరుండేవారని అడిగాడు. కొత్తగా చేరిన టెక్నీషియను నా మొహం చూశాడు.

ఎదురు మంచం మీదనుంచి ఏడుకొండలు చెప్పాడు. "ఎంకటరత్నం గారనండి, మా బాబాయిగారు. పెదపాడండి. మొన్ననే పోయేరండి. అలాటి దెబ్బలాటమనిషిని నేను చూళ్ళేదండి."

ఇంకో మంచం మీదనుంచి ఎవరో చెట్టుమందు కథ అందుకున్నారు. అది అలా జరగలేదని ఇంకొకరు సరిదిద్దారు. ట్రాక్టరతను మెల్లగా తల దిండు మీద ఆనించి వినడం మొదలుపెట్టాడు. ఆ రోజు మాకు నాలుగు గంటలూ సరిపోలేదు.